కస్టమరు సృష్టించే విలువలో కులం

‘కస్టమరుతో కలిసి విలువను సృష్టించడం’ అనే మాట ఈ ఇరవై ఏళ్లుగా మేనేజ్‌మెంట్ చదువుల్లో మంత్రం లాగా నడుస్తున్నది. ఈ మధ్య ఒక యూనివర్సిటీలో జరిగిన సదస్సులో రెండు రోజులు కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పత్రాలు చదివినవాళ్లంతా కంపెనీ గురించి మాట్లాడారు, కస్టమరు గురించి మాట్లాడారు, ఆ ఇద్దరినీ కలిపే యాప్ గురించి మాట్లాడారు. ఉదాహరణలన్నీ తిండి తెచ్చే యాప్‌లు, ఇంటి పనికి మనుషుల్ని పంపే యాప్‌లు. ఆ తిండి తెచ్చే మనిషి, ఆ పనికి వచ్చే మనిషి మాత్రం ఒక్క పత్రంలోనూ కనిపించలేదు. భోజనాల దగ్గర ఒక ప్రొఫెసర్ గారిని ఇదే అడిగితే “అది లేబర్ ఇష్యూ బాబూ, మనం మాట్లాడేది వాల్యూ ఇష్యూ” అన్నారు. ఆ జవాబే ఈ వ్యాసానికి కారణం.

సిద్ధాంతం ఏం చెప్తుందో ముందు న్యాయంగా చెప్పుకుందాం. కోయంబత్తూరులో పుట్టి, అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌గా ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న సి.కె. ప్రహ్లాద్, ఆయన సహచరుడు వెంకట్ రామస్వామి కలిసి 2004లో ‘ది ఫ్యూచర్ ఆఫ్ కాంపిటీషన్’ అనే పుస్తకం రాశారు. కంపెనీ తన ఫ్యాక్టరీలో విలువను తయారుచేస్తుంది, కస్టమరు డబ్బు పెట్టి కొనుక్కుపోతాడు అనే పాత లెక్క తప్పని వీళ్ల వాదన. గుండెకు పేస్‌మేకర్ పెట్టుకున్న రోగిని ఉదాహరణగా చూపిస్తారు. విలువ ఆ చిన్న యంత్రంలో మాత్రమే లేదు. దూరం నుంచి దాన్ని కనిపెట్టి ఉండే ఏర్పాటులో, డాక్టరుతో, ఆస్పత్రితో, కుటుంబంతో ఆ రోగికుండే సంబంధాల్లో ఉంది అంటారు. ఇట్లా కలిసి విలువను సృష్టించాలంటే నాలుగు కావాలన్నారు: సంభాషణ, అందుబాటు, రిస్కు అంచనా, పారదర్శకత. అదే సంవత్సరం స్టీఫెన్ వార్గో, రాబర్ట్ లష్ అనే ఇద్దరు మార్కెటింగ్ పండితులు కూడా విలువ వస్తువులో లేదు, వాడకంలో పుడుతుంది అని రాశారు.

ఇందులో నిజం లేకపోలేదు. స్మార్ట్ ఫోన్ అందరి చేతుల్లోకి వచ్చాక ఈ మాటలకు బలం కూడా పెరిగింది. కస్టమరు ఎక్కడున్నాడు, ఎన్నింటికి తింటాడు, ఏది ఒకసారి తిని మళ్లీ ముట్టలేదు, ఎవరికి ఎన్ని నక్షత్రాలు ఇచ్చాడు, దేనికి ఫిర్యాదు చేశాడు అన్నీ కంపెనీకి చేరుతున్నాయి. వాటిని బట్టి సర్వీసు మారుతున్నది. అంటే కస్టమరు నిజంగానే ఆ సర్వీసును తయారుచేయడంలో చెయ్యి పెడుతున్నాడు. ఆ చెయ్యి ఎవరిది, అది దేన్ని తయారుచేస్తున్నది అనేదే నా ప్రశ్న.

ఈ సిద్ధాంతాన్ని వామపక్షం వైపు నుంచి విమర్శించినవాళ్లున్నారు. డెట్లెవ్ జ్విక్, మరో ఇద్దరు కలిసి 2008లో రాసిన వ్యాసం వాటిలో పేరున్నది. కలిసి సృష్టించడం అనే పేరుతో కంపెనీ కస్టమరు చేత జీతం లేని చాకిరీ చేయించుకుంటున్నది అని దాని సారాంశం. పడమటి దేశాల కస్టమరు గురించి అయితే ఇది చాలావరకు సరిపోతుంది. కానీ మన దగ్గర ఉన్న వామపక్ష మిత్రులు కూడా ఈ విమర్శనే దించుకుని కస్టమరును దోపిడీకి గురయ్యే అమాయకుడిగా చూపిస్తున్నప్పుడు నాకు అభ్యంతరం ఉంది. మన దేశంలో కస్టమరు ఉత్త కస్టమరు కాడు. ఆయనకు ఇంటిపేరుంది, వంటిల్లుంది, ఆ వంటింట్లోకి ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో ముత్తాతల నాటి నుంచి వస్తున్న లెక్క ఉంది. కంపెనీ ఆయన అభిప్రాయం అడిగినప్పుడు ఆ లెక్క కూడా అభిప్రాయంలో భాగంగానే వస్తుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2024 మార్చిలో జరిగింది. మార్చి 19న జొమాటో కంపెనీ అధిపతి దీపిందర్ గోయల్ ‘ప్యూర్ వెజ్ మోడ్’, దానితో పాటు ‘ప్యూర్ వెజ్ ఫ్లీట్’ ప్రకటించాడు. మాంసం అమ్మే హోటళ్లు అసలు కనిపించకుండా యాప్‌లో ఒక ఏర్పాటు. శాకాహార హోటళ్ల నుంచి మాత్రమే తిండి తెచ్చేందుకు డెలివరీ వాళ్లలో ఒక ప్రత్యేక దళం. వాళ్లకు ఎర్ర చొక్కా, ఎర్ర డబ్బా బదులు ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ డబ్బా. దీనికి ఆయన చెప్పిన కారణం చూడండి. శాకాహారులైన కస్టమర్ల నుంచి వచ్చిన ముఖ్యమైన ఫీడ్‌బ్యాక్ ఇది, తమ తిండి ఎట్లా వండుతారు, దాన్ని ఎట్లా చేతుల్లో పెట్టుకుని తెస్తారు అనే దాని మీద వాళ్లకు పట్టింపు ఉంది అన్నాడు. ప్రహ్లాద్ పుస్తకం ప్రకారం ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. సంభాషణ జరిగింది, కస్టమరు చెప్పాడు, కంపెనీ విన్నది, ఇద్దరూ కలిసి కొత్త విలువను సృష్టించారు. ఆ విలువ పేరు మడి.

దేశమంతా గొడవ లేచింది. మర్నాడే, మార్చి 20న, ఆకుపచ్చ చొక్కా తీసేస్తున్నాం, అందరూ ఎరుపే వేసుకుంటారు అని కంపెనీ ప్రకటించింది. ఎర్ర చొక్కా వాళ్లు మాంసం తెచ్చేవాళ్లని ముద్ర పడితే కొన్ని అపార్ట్‌మెంట్లు, కాలనీలు వాళ్లను లోపలికి రానివ్వకపోవచ్చు, కొందరు కస్టమర్లకు ఇంటి ఓనర్లతో చిక్కులు రావచ్చు అని గోయలే ఒప్పుకున్నాడు. మన మిత్రులు చాలామంది అప్పుడు గెలిచాం అనుకున్నారు. కానీ ప్రకటన మొత్తం చదివితే, దళం రద్దు కాలేదు. వీధిలో గుర్తు పట్టడానికి వీల్లేకుండా మాత్రమే చేశారు. తన ఆర్డరును శాకాహార దళం తెస్తున్నదని కస్టమరుకు యాప్‌లో కనిపిస్తుందని అదే ప్రకటనలో ఉంది. రంగు చొక్కా మీద నుంచి ఫోను తెర మీదికి పోయింది. వీధికి తెలియకూడదు, కొనేవాడికి తెలియాలి.

ఇదే కంపెనీ 2019 జూలైలో జబల్‌పూర్‌లో ఒక కస్టమరు హిందువు కాని డెలివరీ మనిషి వద్దన్నప్పుడు, మనిషిని మార్చం అని నిలబడింది. తిండికి మతం అంటగట్టవద్దని బహిరంగంగా చెప్పింది. అప్పుడు అందరం మెచ్చుకున్నాం. అందుకని దీన్ని ఒక మనిషి మంచితనం, చెడ్డతనం గొడవగా నేను చూడను. ఒక్క కస్టమరు నోరు తెరిచి అడిగితే అది వివక్ష అయింది, కంపెనీ కాదన్నది. అదే పట్టింపు లక్షల మంది నుంచి ఫీడ్‌బ్యాక్‌గా వస్తే అది మార్కెట్ అయింది, కంపెనీ సర్వీసుగా మార్చి ఇచ్చింది.

కంపెనీ వైపు నుంచి ఒక జవాబుంది, దాన్ని దాటేసి పోకూడదు. మేం డెలివరీ చేసే మనిషి ఏం తింటాడో చూడం, ఏ మతం, ఏ కులం అని చూడం, వేరు చేసింది డబ్బాలను మాత్రమే అంటారు. మాంసం కూర ఒలికితే పక్క డబ్బాకు వాసన వస్తుందన్నది కూడా వాళ్ల వాదన. ఈ మాట చదివినప్పుడు నాకు మా ఊరి హోటలు గుర్తుకొచ్చింది. మాది నల్లగొండ వైపు. మా నాయన వయసులో ఉన్నప్పుడు ఊరి సెంటర్లో చాయ్ హోటలుండేది. మా వాడోళ్ల గ్లాసులు బయట, అరుగు మీద. తాగినోడే కడిగి బోర్లించి పోవాలె. నాయన ఎప్పుడూ ఒక మాట చెప్తడు: “ఆ హోటలాయన మమ్ముల ఎన్నడు ఒక్క మాట అనలె బిడ్డా. నవ్వుకుంటనే చాయ్ పోసేటోడు. గ్లాసులే వేరు.” మనిషిని ఏమీ అనకపోవడం, పాత్రను మాత్రం వేరు చేయడం అనేదే రెండు గ్లాసుల పద్ధతికి ప్రాణం. అంటు ఎప్పుడూ పాత్రలోనే కాపురం ఉంటుంది. మంచినీళ్ల కుండ, చాయ్ గ్లాసు, పెళ్లి బంతిలో ఆకు, ఇప్పుడు స్కూటరు వెనక డబ్బా. పాత్రను వేరు చేశాక మనిషిని వేరుగా చెప్పాల్సిన అవసరం రాదు. మాంసం తినే ఇళ్లు ఎవరివి, పెద్దకూర తినే ఇళ్లు ఎవరివి అనేది ఈ దేశంలో ఎవరికీ నేర్పించనక్కరలేదు.

రెండు గ్లాసులకూ రెండు డబ్బాలకూ ఒక తేడా కూడా ఉంది. హోటల్లో మా నాయన కస్టమరు. కులం హోటలు ఓనరుది, ఇంకా చెప్పాలంటే లోపల బెంచీ మీద కూర్చున్న మిగతా కస్టమర్లది. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్లు అందరికీ తెరిచి ఉండాలని చెప్తుంది, అంటే మమ్మల్ని కస్టమర్లుగా లోపలికి తీసుకుపోయింది. యాప్‌లో దిశ తిరగబడింది. ఇప్పుడు మేం తెచ్చేవాళ్లం, వెలివేసే హక్కు కొనేవాడి చేతిలో ఉంది. ఈ స్థితికి 15వ అధికరణం నేరుగా సరిపోదు. ఏ రూపంలో ఉన్నా అంటరానితనాన్ని రద్దు చేసే 17వ అధికరణాన్ని పట్టుకోవాల్సి ఉంటుంది. కానీ దాన్ని పట్టుకోవాలంటే అంటరానితనం పాటించిన మనిషి కనిపించాలి గదా. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది.

కనిపించిన సందర్భాలున్నాయి. 2022 జూన్‌లో లక్నోలో ఒక దళిత డెలివరీ కార్మికుడు పేరు చెప్పగానే కస్టమరు తిండి తీసుకోనన్నాడని, ముఖం మీద ఉమ్మేశాడని, కొట్టారని పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక కస్టమరు స్విగ్గీ ఆర్డరు కింద ముస్లిం డెలివరీ మనిషిని పంపవద్దని సూచన రాస్తే, తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్ ఆ స్క్రీన్‌షాట్ బయటపెట్టాడు. ఇవి రాతపూర్వకంగానో, ఉమ్మివేతగానో బయటపడ్డాయి కాబట్టి మనకు తెలిశాయి. రోజూ జరిగేది ఇట్లా ఉండదు.

మా పెద్దమ్మ కొడుకు, నాకు తమ్ముడు, హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా డెలివరీ చేస్తున్నాడు. డిగ్రీ పాసయిండు. ఏ కంపెనీ అనేది ఇక్కడ అనవసరం. ఒక రోజు ఒక అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో ఒకామె తలుపు సగం తెరిచి, యాప్‌లో వాడి పేరు చూసి, “ఇంటిపేరేంటి బాబూ?” అని అడిగింది. వీడు చెప్పిండు. ఆమె ఏమీ అనలేదు. “అక్కడ కింద పెట్టేసి వెళ్లు” అన్నది. తలుపేసుకున్నది. ఆ రాత్రి వాడి రేటింగు తగ్గింది, ఎవరో ఒక్క నక్షత్రం ఇచ్చారు. “ఆమెనే ఇచ్చిందా?” అని నేను అడిగితే వాడు నన్ను ఎర్రోణ్ణి చూసినట్టు చూసిండు. “ఎట్ల తెలుస్తదన్నా? ఆ దినం ఇరవై రెండు ఆర్డర్లు కొట్టిన. ఎవరైనా ఇచ్చి ఉండొచ్చు. చాయ్ చల్లారిందని ఇంకొకాయన గూడ తిట్టిండు.”

వాడికి తెలియదు, నాకూ తెలియదు. ఆమె ఇచ్చిందని నేను రాయలేను. ఈ తెలియకపోవడమే ఈ మొత్తం ఏర్పాటులో ముఖ్యమైన విషయమని నా అభిప్రాయం. అత్యాచార నిరోధక చట్టానికి నిందితుడు కావాలి, తేదీ కావాలి, అన్న మాట కావాలి, సాక్షి కావాలి. రేటింగుకు ఇవేవీ ఉండవు. అది సగటు. ఇరవై రెండు మంది ఇచ్చిన నక్షత్రాలను కూడి భాగిస్తే వచ్చే అంకె. అందులో చల్లారిన చాయ్ ఎంత, ట్రాఫిక్ ఎంత, ఇంటిపేరు ఎంత అని ఎవరూ విడదీయలేరు. కస్టమరు మనసులోని కులం ఆ అంకెలో కలిసిపోయి, ఎవరిదీ కాని కొలతగా బయటికి వస్తుంది. ఆ కొలతను బట్టి రేపు వాడికి ఎన్ని ఆర్డర్లు రావాలో, వాడి ఐడీ ఉండాలో పోవాలో తేలుతుంది. పెద్ద కంపెనీ ఒకప్పుడు ప్రతి పదిమంది మీద ఒక సూపర్‌వైజర్‌ను జీతమిచ్చి పెట్టుకునేది. ఆ సూపర్‌వైజర్ కులం పేరుతో తిడితే కేసు పెట్టడానికి మనిషన్నా దొరికేవాడు.

‘తలుపు దగ్గర పెట్టి వెళ్లండి’ అనే ఆప్షన్ గురించి కూడా ఒక మాట. 2020లో కరోనా వచ్చినప్పుడు ‘కాంటాక్ట్‌లెస్ డెలివరీ’ పెట్టారు. అప్పుడు అది అవసరమే. ఆ ఇంగ్లీషు మాటను తెలుగులో పెట్టి చూస్తే ఏమవుతుందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. రోగం తగ్గాక కూడా ఆప్షన్ మిగిలింది. నేను కూడా హాస్టల్ గదిలో చదువుకుంటూ లేవడానికి బద్ధకమై ఆ మీట నొక్కినవాణ్ణే. మీట నొక్కినవాళ్లలో బద్ధకస్తుడెవరో, భయస్తుడెవరో, మడి కట్టుకున్నవాడెవరో యాప్ అడగదు. అందరికీ ఒకే మర్యాదైన వాక్యం రాసిపెట్టి ఉంచింది.

ఇంటి పని యాప్‌ల సంగతి ఇంతకంటే లోతైనది, దానికి వేరే వ్యాసం కావాలి. 2025 మార్చిలో అర్బన్ కంపెనీ పదిహేను నిమిషాల్లో పనిమనిషిని పంపుతాం అని ‘ఇన్‌స్టా మెయిడ్స్’ మొదలుపెట్టి, విమర్శలు రాగానే దాని పేరు ‘ఇన్‌స్టా హెల్ప్’ అని మార్చింది. ఇదే కంపెనీలో పనిచేసే బ్యూటీషియన్ ఆడవాళ్లు 2021 అక్టోబరులో గుర్‌గావ్ ఆఫీసు ముందు కూర్చుని ధర్నా చేశారు. అంట్లు తోమి ఇల్లు ఊడ్చే ఆడవాళ్లలో మన వాడల నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో వేరే చెప్పాలా? బాత్‌రూం కడిగించుకుని, దాహమైతే వేరే గ్లాసులో నీళ్లిచ్చి, ఆ తర్వాత ఫోన్లో నక్షత్రాలు ఇచ్చే అధికారం కూడా యజమానురాలికే వచ్చింది. ఆ గ్లాసు గురించి పనామె తిరిగి నక్షత్రం ఇచ్చి చెప్పుకునే చోటు ఏది?

మన మధ్యలోనే ఉన్న ఇంకో వాదనకు జవాబు చెప్పాలి. చంద్రభాన్ ప్రసాద్ లాంటి దళిత ఆలోచనాపరులు చాలా కాలంగా మార్కెట్, పెట్టుబడి కులాన్ని కరిగిస్తాయని వాదిస్తున్నారు. దాన్ని ఎగతాళి చేసేవాళ్లలో నేను లేను. మా తమ్ముణ్ణి పనిలో చేర్చుకునేటప్పుడు యాప్ కులం అడగలేదు. లైసెన్సు, బండి, బ్యాంకు ఖాతా అడిగింది. ఊర్లో ఎవరి వాకిట్లోకి వాళ్ల తాత చెప్పులేసుకుని పోలేదో అలాంటి ఇళ్లకు వీడు రోజుకు ఇరవైసార్లు వండిన తిండి పట్టుకుపోతున్నాడు, వాళ్లు తింటున్నారు. ఇది చిన్న సంగతి కాదు. మా పెద్దమ్మ ఈ మాట వాడలో గర్వంగా చెప్పుకుంటుంది కూడా. కానీ చేర్చుకునేటప్పుడు కులం అడగని యాప్, చేర్చుకున్నాక ప్రతి గుమ్మం దగ్గరా వాణ్ణి కొలిచే పనిని కస్టమరుకు అప్పగించింది. ఒక వాకిలి తెరిచి, ఇరవై గుమ్మాల దగ్గర పరీక్ష పెట్టింది. శ్రమను విభజించడం వేరు, శ్రామికులను మెట్లు మెట్లుగా విభజించడం వేరు అని 1936లోనే అంబేద్కర్ చూపించాడు. డెలివరీ మొత్తం ఒకే పని, ఒకే యాప్, ఒకే కూలి. అందులోనూ వెజ్ దళం, మామూలు దళం అని ఒక మెట్టు కట్టడానికి కస్టమర్ల ఫీడ్‌బ్యాక్ చాలింది.

చట్టాల దగ్గరికి వద్దాం. నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో గిగ్ కార్మికులు 2020-21లో 77 లక్షల మంది, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారు. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో వీళ్ల కోసం చట్టాలు చేశాయి. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ఒక ముసాయిదా బయటపెట్టింది. కేంద్రం సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద కంపెనీలు తమ టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం దాకా నిధికి కట్టాలి. ఇవన్నీ అవసరమైనవే. ఈ చర్చలన్నిటిలో నేను విన్నది ఎక్కువ భాగం నిధి గురించి, ఇన్సూరెన్సు గురించి, శాతాల గురించి. కర్ణాటక చట్టం మాత్రం యాప్‌లో తీర్పులు ఎట్లా జరుగుతున్నాయో కార్మికుడికి చెప్పాలని, తీసేసే ముందు కారణం చెప్పి పద్నాలుగు రోజుల నోటీసు ఇవ్వాలని ఒక అడుగు ముందుకు వేసింది. కులం పేరు ఎత్తకపోయినా మనకు పనికొచ్చే అడుగు ఇది.

ప్రహ్లాద్, రామస్వామి చెప్పిన నాలుగు మాటలనే తీసుకుని కార్మికుడి వైపు నుంచి అడిగితే మన డిమాండ్లు తయారవుతాయి. సంభాషణ కస్టమరుతోనే ఎందుకు? తక్కువ రేటింగు వచ్చిన ప్రతిసారీ కార్మికుడి మాట కూడా రికార్డు కావాలి. అందుబాటు అంటే, కస్టమరు రాసిన సూచనలు, ఇచ్చిన కారణాలు విచారణ అధికారికి అందుబాటులో ఉండాలి, తుడిచేయకూడదు. రిస్కు ఎవరిది అనేది లక్నోలో చూశాం. పేరు అడిగి తిండి వద్దన్న కస్టమరు మీద ఫిర్యాదు వస్తే, ముందు కస్టమరు ఖాతా ఆగాలి, కార్మికుడి ఐడీ కాదు. పారదర్శకత అంటే, ఏ పేరున్నవాళ్లకు, ఏ కాలనీల్లో, సగటు ఎంత తక్కువగా వస్తున్నదో కంపెనీ లెక్క తీసి బయట పెట్టడం. లక్షల మంది ఆకలి వేళలను గంటలతో సహా లెక్క గట్టగలిగినవాళ్లకు ఈ లెక్క కష్టమేమీ కాదు.

ఆ పని కంపెనీలు తమంతట తాము చేయవు కాబట్టి మనం మొదలుపెట్టాలి. యూనియన్లలో పనిచేస్తున్న మిత్రులు, హాస్టళ్లలో ఉంటూ సాయంత్రాలు డెలివరీ చేస్తున్న విద్యార్థులు తమ దగ్గర జరిగినదాన్ని తేదీతో, టైముతో, కస్టమరు అన్న మాటతో, ఆ రోజు రేటింగు ఎంత ఉండి ఎంత అయిందో రాసి పెట్టుకోవాలని కోరుతున్నాను. ఒక్కొక్కటిగా చూస్తే మా తమ్ముడి సంగతి లాగానే ఏదీ రుజువు కాదు. మా తమ్ముడు పోయిన నెల నుంచి ఒక చిన్న నోటుబుక్కు బండి డిక్కీలో పెట్టుకున్నాడు. ఇప్పటికి పదకొండు పేజీలు అయ్యాయి.